బీట మీద గాజుముక్క

నాంపల్లి స్టేషన్ వెయిటింగ్ హాల్లో ఉండగా సూపర్‌వైజర్ ఫోన్ చేశాడు. అబిడ్స్‌లో మేం లైబ్రరీగా మారుస్తున్న హెరిటేజ్ హవేలీలో, లిఫ్ట్ కోసం గుంత తవ్వుతుంటే పొద్దున పక్క గోడలో బీట కనిపించిందట.

"పాత బీటే. పని ఆపొద్దు," అని కసిరి ఫోన్ పెట్టేశాను.

పక్క కుర్చీలో, వేళ్లకు సున్నం పట్టిన పెద్దాయన ఉండబట్టలేకపోయాడు. "పాతదని ఎట్ల జెప్తవ్ బిడ్డా? బీట మీద గాజుముక్క అతికించిన్రా? గోడ కదిల్తే గాజు పగుల్తది."

మళ్లీ ఫోన్ చేశాను. మేస్త్రీ పొద్దున్నే అతికించాడట.

"జర ఆగుర్రి సార్, చూస్త," అన్నాడు సూపర్‌వైజర్. ఆ నిమిషం ఎంతకీ గడవలేదు. "పగిలింది సార్!"

"ఆ గోడ కమాను కింద ఊతం పెట్టండి! అది పోతే హెరిటేజ్ వాళ్లు ఊరుకోరు!" అని అరిచాను.

పెద్దాయన నా చెయ్యి పట్టుకున్నాడు. "గుంతల ఎంతమంది ఉన్నరు?"

నాకు తెలియదు. అడిగితే, ముగ్గురన్నాడు.

ముగ్గురూ పైకి వచ్చారని వినేదాకా ఆయన నా చెయ్యి వదల్లేదు.