సోడా మనిషి వీపు

మా కోల్డ్‌బ్రూక్‌లో మందుల షాపు నడిపిన ఈలమ్ విచర్ కోడిగుడ్డును కూడా నమ్మేవాడు కాదు. దీపానికి అడ్డంగా పెట్టి చూసి, చెవి దగ్గర ఊపి, ఆనక నీళ్ళలో వేసి, అది మునిగిందని రూఢి అయ్యాకే పెనం దాకా పోనిచ్చేవాడు. పాలవాడు క్యాను దించగానే మూత తీసి వాసన చూసేవాడు. పాదిరిగారు ప్రసంగం మధ్యలో దగ్గితే, మరిచిపోయిన మాటని దగ్గుతో కప్పెడుతున్నాడని పక్కవాడి చెవిలో ఊదేవాడు. అలాగని చెడ్డవాడు కాదు. జ్వరంతో ఉన్న పిల్లవాడి ఇంటికి మంచులో నడిచి వెళ్ళి మందిచ్చి వచ్చిన మనిషి. కాకపోతే ఆ తల్లి సరైన మోతాదు వేస్తుందో లేదో అని కిటికీలోంచి తొంగిచూసి మరీ వచ్చాడు.

ఆయన షాపులో గోడకి ఆనించి ఒక సోడా యంత్రం ఉండేది. యంత్రమంటే ఇనప సామాను అనుకునేరు. తెల్ల పాలరాతితో కట్టిన చిన్న మేడ అది. నాలుగు స్తంభాలు, పైన రెక్కలు విప్పిన రాతి హంస, హంస మెడలో దుమ్ము. ఊళ్ళో కుర్రకారు దాన్ని షావుకారు సమాధి అని వెక్కిరించేవారు. ఆ రాతి కడుపులో మంచుగడ్డల పెట్టె, పెట్టెలో చుట్టలు చుట్టిన తగరపు గొట్టం. నేలమాళిగలో రాగి పీపా. పాలరాతి పొడి మీద ఆమ్లం పోస్తే పుట్టే గాలిని ఆ పీపాలో నీళ్ళకి పట్టించి, గొట్టంలోంచి పైకి తోసేవారు. ముందువైపు వరసగా షర్బతు కుళాయిలు. నిమ్మ, వెనీలా, స్ట్రాబెరీ, ఒక్కోదాని మీద వెండి బిళ్ళ, బిళ్ళ మీద పేరు. మధ్యలో సోడా కుళాయి. పిడి వెనక్కి తిప్పితే సూదిలాంటి ధార బుస్సుమని దూకి షర్బతుని చిలికేది. ముందుకి లాగితే లావుపాటి మెత్తని ధార గ్లాసు నింపేది.

చిక్కల్లా ఒక్కటే. కుళాయిలన్నీ గోడవైపు ఉండటంతో సోడా కలిపేవాడు జనానికి వీపు పెట్టి నిలబడాల్సిందే. గ్లాసు చేతికి వచ్చేదాకా అందులో ఏం పడిందో తాగేవాడికి తెలీదు. మిగతా ఊళ్ళలో అదొక ముచ్చట. ఈలమ్‌కి మాత్రం అది గుండెల మీద కుంపటి. ఎందుకంటే ఆ వీపు ఒరిన్ స్ప్రేగ్‌ది.

ఒరిన్ ఈలమ్‌కి స్వయానా బావమరిది. కుర్రతనంలో నది మీద దుంగలు నడిపే పనిలో ఉండి, చిత్తుగా తాగి, రెండుసార్లు మునిగి తేలాడు. అక్క లవీనియా చావుబతుకుల్లో ఉన్నప్పుడు ఆమె చేతిలో చెయ్యి వేసి, ఇక తాగను, ఒకరికి పొయ్యను అని ఒట్టు పెట్టాడు. ఆమె మొగుడి వైపు తిరిగి, "వాణ్ణి ఒంటరిగా వదిలెయ్యకండి," అంది. అంతే, కన్నుమూసింది. అప్పట్నుంచీ బావాబావమరుదులిద్దరూ ఒకే కప్పు కింద ఉంటున్నారు. శనివారం సాయంత్రం బీన్స్ కుండ పొయ్యిలోంచి దించి, ఎదురెదురుగా కూర్చుని తినేవారు. ఈలమ్‌కి ఈ లోకంలో ఆ ఒక్క ఎదుటి కంచం తప్ప ఇంకెవరూ లేరు.

అమెరికా ఈశాన్యపు కొసనున్న మా మెయిన్ రాష్ట్రంలో సారా అమ్మడం తాతల కాలం నుంచీ నేరం. జనం దాహం మాత్రం చట్టం మాట వినలేదు. అందుకని సోడా షాపుల్లో ఒక ఆచారం పుట్టింది. సోడా అడుగుతూ కన్ను గీటితే, అందులో కాస్త ఘాటు సరుకు పడాలని అర్థం. ఇచ్చేవాడు ఇస్తాడు, లేనివాడు లేదంటాడు, ఎవరూ పైకి మాట్లాడరు.

ఒక వేసవి శనివారం ఈలమ్ మందులు నూరే తెర వెనకాల నుంచి చూస్తుండగా, రంపపు మిల్లు జోతమ్ లెవిట్ వచ్చాడు. కొండంత మనిషి.

"ఏంటి ఒరిన్, ఎండ మండిపోతోంది. ఒక అల్లం సోడా కొట్టు," అని ఎడమ కన్ను గట్టిగా గీటాడు.

"నీ కంట్లో నలక పడిందేమో, మందుంది, వెయ్యనా?" అన్నాడు ఒరిన్ నవ్వుతూ.

"అందులోనే వేసివ్వు."

ఒరిన్ గోడవైపు తిరిగాడు. ఆ వెడల్పాటి వీపు కుళాయిలన్నిటినీ మింగేసింది. బుస్సుమని ధార చప్పుడు. జోతమ్ గటగటా తాగి, మొహం ఎర్రబారి, "హా!" అని బల్ల చరిచి, కూనిరాగం తీసుకుంటూ, కాస్త తూలుతూ బయటికి నడిచాడు.

ఈలమ్ చేతిలో రోకలి ఆగిపోయింది. తర్వాత ఇంకొకడు వచ్చి గీటాడు. వాడి వెనక ఇంకొకడు. అందరూ ఎర్రటి మొహాలతో, మహదానందంగా వెళ్ళారు.

ఆ రోజు నుంచి ఈలమ్ ఒళ్ళంతా కళ్ళు చేసుకున్నాడు. వైద్యుడి చీటీ ఉంటేనే ఇచ్చే బ్రాందీ సీసా బీరువాలో తాళం వేసి ఉంది. దాని మెడకి దారం కట్టి చూశాడు, దారం కదల్లేదు. అంటే బయట్నుంచి తెస్తున్నాడన్నమాట. నేలమాళిగలో పీపాల వెనక వెతికాడు, సాలెగూళ్ళు దొరికాయి. అంటే బాగా దాచాడన్నమాట. ఏమీ దొరక్కపోవడమే ఆయనకి పెద్ద రుజువైపోయింది.

వరసలో చివరి కుళాయికి మాత్రం వెండి బిళ్ళ లేదు, పేరు లేదు. ఒకనాడు ఒరిన్ మంచు కోసం బయటికి వెళ్ళగానే ఈలమ్ ఆ కుళాయి తిప్పి గ్లాసులో కొంచెం పట్టాడు. గోధుమరంగు. వాసన చూశాడు. అల్లం ఘాటు గుప్పుమంది. దాని కింద ఇంకేదో ఉంది. అల్లం కింద సారాని దాచడం ఎంతసేపు? నాలిక చివర పెట్టి చూస్తే తేలిపోతుంది. కానీ ఈలమ్ కూడా పదహారో ఏట చర్చిలో అందరి ముందూ సారా ముట్టనని ప్రమాణం చేసినవాడే. ఆ ప్రమాణానికి గుర్తుగా కోటుకి తెల్ల రిబ్బను లేనిదే గడప దాటేవాడు కాదు. ఒక్క చుక్క నాలికకి తగిలినా ప్రమాణం మట్టిగొట్టుకుపోయినట్టే అని ఆయన నమ్మకం. గ్లాసు తూములో పారబోసి, చెయ్యి మూడుసార్లు సబ్బుతో కడుక్కున్నాడు.

పోనీ ఒరిన్‌నే అడగొచ్చు కదా? అడిగితే లేదంటాడు. కలిపినవాడూ లేదనే అంటాడు, కలపనివాడూ లేదనే అంటాడు, మరి అడిగి ఏం లాభం? ఇదీ ఆయన లెక్క. నిజమైతే మాత్రం వాణ్ణి ఇంట్లోంచి పంపెయ్యాలి. ఆ మాట తల్చుకుంటే ఈలమ్‌కి ముద్ద దిగేది కాదు. ఎదురుగా ఒరిన్ బీన్స్‌లో బెల్లపు పాకం ఇంకాస్త పోసుకుంటూ, "ఏం బావా, తినవేం? ఇందులో కూడా ఏదైనా కలిసిందనుకుంటున్నావా?" అని వేళాకోళమాడేవాడు. ఈలమ్‌కి ఆ హాస్యం కూడా అనుమానంగానే వినబడేది.

దీనికి తోడు మద్యనిషేధ సంఘం అధ్యక్షురాలు డోర్కస్ హింక్లీ షాపులో అడుగుపెట్టింది. ఆవిడ దగ్గు మందు కొంటూ, "విచర్‌గారూ, మీ షాపుకొచ్చే మిల్లు మనుషులకి ఈ మధ్య సోడా మీద మహా భక్తి పుట్టిందే," అంది.

"ఎండలండీ," అన్నాడు ఈలమ్.

"మా ఇంటి దగ్గరా ఎండలే. అక్కడెవరూ తూలడం లేదు. మీ బావమరిది చేతులు ఏం చేస్తున్నాయో చూడండి. లేదంటే నేనే కానిస్టేబుల్ని తీసుకొచ్చి చూపిస్తాను."

చేతులు చూడాలి. ఆ మాట ఈలమ్ బుర్రలో మేకులా దిగింది.

ఆ వేసవి చివర్లో బోస్టన్ నుంచి సోడా యంత్రాలు అమ్మేవాడు వచ్చి, బంగారు పూత స్తంభాలు, నీళ్ళు చిమ్మే రాతి కన్యలు ఉన్న బొమ్మలు బల్ల మీద పరిచాడు.

"ఇవన్నీ గోడకేసి చూస్తున్నాయేం? మనిషి జనం వైపు తిరిగి సోడా కలిపేది లేదా?" అని అడిగాడు ఈలమ్.

అతను నవ్వాడు. "అయ్యా, వీపు వెనక జరిగేదే కదండీ మాయ! చేతులు కనబడితే సోడాలో ఏముంటుంది? నీళ్ళూ గాలీ!"

"నాకా నీళ్ళూ గాలే కనబడాలి," అన్నాడు ఈలమ్.

ఆయనే పొట్లాల కాగితం మీద గీశాడు. పాలరాతి మేడ అక్కర్లేదు. మంచుపెట్టె, గొట్టాలు బల్ల కింద పెట్టాలి. బల్ల మీదికి బాతు మెడలాగా వంగిన సోడా కుళాయిలు మాత్రం లేవాలి. షర్బతులన్నీ గాజు జాడీల్లో, బల్ల మీదే, అందరి కళ్ళ ముందు ఉండాలి. కలిపేవాడి వెనక గోడకి నిలువెత్తు అద్దం, వాడి వీపుని కూడా వదలకుండా. పేరులేని కుళాయి ఉండనే కూడదు. బ్యాంగర్ పట్నంలో ఒక రాగిపనివాడు ఆ బొమ్మ చూసి తల గోక్కుని, చేసిస్తానన్నాడు.

పాత మేడ విప్పే రోజున ఒరిన్ రాతి హంసని దించి, దాని మెడలోని దుమ్ము తన ఏప్రన్‌తో తుడిచాడు. ఈలమ్ గీసిన బొమ్మ కేసి చాలాసేపు చూశాడు.

"ఇదంతా ఎందుకు బావా?"

"సదుపాయంగా ఉంటుందని."

"ఎవరికి?"

ఈలమ్ గొట్టాలు లెక్కపెడుతున్నట్టు నటించాడు.

కొత్త బల్ల తెరిచిన శనివారం ఊరంతా దిగింది. డోర్కస్ హింక్లీ ముందు వరసలో కుర్చీ వేసుకుని కూర్చుంది. ఈలమ్ తెర వెనక నుంచి బయటికొచ్చి బల్ల పక్కనే నిలబడ్డాడు. తప్పు బయటపడాలని కోరుకుంటున్నాడో, పడకూడదని కోరుకుంటున్నాడో ఆయనకే తెలీదు.

జోతమ్ జనాన్ని తోసుకుంటూ వచ్చాడు. అలవాటు చావదు కదా, "అల్లం సోడా," అని కన్ను గీటాడు.

ఒరిన్ ఒకసారి బావ మొహంలోకి చూశాడు. ఆపైన దాచకుండా, తొందరపడకుండా పని మొదలెట్టాడు. గాజు జాడీలోంచి అల్లం పాకం గ్లాసులో పోశాడు. జేబులోంచి చిన్న సీసా తీసి, బిరడా లాగి, డోర్కస్ హింక్లీ ముక్కు కింద పెట్టాడు. ఆవిడ పీల్చి, గబుక్కున వెనక్కి వాలి, ఆపకుండా తుమ్మింది.

"ఎండుమిరపకాయలు ఉడకబెట్టి వడగట్టిన నీళ్ళమ్మా. మా వంటింట్లోనే కాస్తాను," అన్నాడు. అందులోంచి నాలుగు చుక్కలు వేశాడు. రంగు కోసం మాడిన పంచదార నీళ్ళు, పైన నిమ్మ తొక్క పిండాడు. పిడి వెనక్కి తిప్పి సూది ధార కొట్టి, ముందుకి లాగి నింపి, గ్లాసు జోతమ్ ముందు పెట్టాడు.

జోతమ్ గ్లాసు కేసి, ఒరిన్ కేసి చూశాడు. "మరి... అసలు సరుకేదీ?"

"అదే సరుకు. మూడేళ్ళుగా అదే."

వెనక ఎవరో కిసుక్కుమన్నారు. "జోతమ్, మరి నువ్వు తూలిందేంటయ్యా? మీ ఆవిడ చీపురు తిరగేసింది దేనికి? మిరపకాయ నీళ్ళకా?" షాపు కప్పెగిరేలా నవ్వారు. జోతమ్ మొహం కందగడ్డ చేసుకుని, గ్లాసు ముట్టకుండా, నది వైపు దారి పట్టాడు. ఆ వైపు గుడిసెల్లో ఏం దొరుకుతుందో ఊరికంతా తెలుసు. కన్ను గీటే అలవాటున్న మిగతావాళ్ళూ ఒక్కొక్కరే జారుకున్నారు.

జనం పల్చబడ్డాక ఈలమ్ పరుగున వచ్చి బావమరిది చెయ్యి పట్టుకున్నాడు. ఆయన కళ్ళలో నీళ్ళు. "నాకు తెలుసురా ఒరిన్! నీ చేతులు శుభ్రమని నాకు తెలుసు!"

ఒరిన్ చెయ్యి మెల్లగా విడిపించుకున్నాడు.

"తెలిస్తే ఈ బల్ల ఎందుకు బావా? ఆ మిరపకాయ నీళ్ళు వాళ్ళకి కాదు, మొదట నాకోసమే కాచుకున్నాను. ఒళ్ళు సారా అడిగినప్పుడల్లా గొంతులో ఆ మంట పడితే ఊరుకునేది. వాళ్ళూ ఆ మంట కోసమే వస్తున్నారని తెలిసింది. ఇది తాగిన శనివారం ఎవడూ నది వైపు పోలేదు. నువ్వొక్క గుక్క తాగి ఉంటే అదంతా తెలిసేది. నీ నాలిక తడిస్తే నీ ఒట్టు పోతుందని భయపడ్డావు. నా ఒట్టు పోయిందనుకోవడానికి మాత్రం భయం వెయ్యలేదు."

ఈలమ్ తల దించుకున్నాడు.

ఒరిన్ జోతమ్ వదిలేసి పోయిన గ్లాసుని ఆయన ముందుకి జరిపాడు. "సర్లే. అయిందేదో అయింది. తాగు బావా."

ఈలమ్ గ్లాసు అందుకున్నాడు. మనస్ఫూర్తిగా తాగుదామనే అందుకున్నాడు. పెదాల దాకా తెచ్చాడు. అక్కడ ఆయన చెయ్యి ఆగింది. ముక్కుపుటాలు కాస్త విచ్చుకున్నాయి. వాసన చూశాడు.

రెప్పపాటు సేపే. పాత మేడ ఉన్న రోజుల్లో అయితే ఒరిన్ గోడవైపు తిరిగి ఉండేవాడు, ఆయన మొహం చూసేవాడు కాదు. ఈ బల్ల దగ్గర ఇద్దరూ ఎదురెదురుగా ఉన్నారు.

ఒరిన్ ఏప్రన్ ముడి విప్పి, మడతపెట్టి, కుళాయి పక్కన పెట్టాడు. "బీన్స్ కుండ పొయ్యిలో ఉంది. మాడిపోకుండా చూసుకో," అని చెప్పి, టోపీ తీసుకుని తలుపు తెరుచుకుని వెళ్ళిపోయాడు. ఆ వెడల్పాటి వీపు రైలు స్టేషను రోడ్డు మలుపు దాకా ఈలమ్‌కి కనబడుతూనే ఉంది.

అప్పుడు తాగాడు గ్లాసులోది, అడుగు కనబడేదాకా. గొంతు మండిపోయింది. అల్లం, మిరప, నిమ్మ, మాడిన పంచదార. ఇంకేమీ లేదు.