ప్రత్యర్థికి భోజనం

నా మొదటి బంగారు పతకం గెలిచినప్పుడు నాకు చెమట కూడా పట్టలేదు. రాష్ట్రస్థాయి పోటీలు ఏలూరులో జరుగుతున్నాయి. హెవీవెయిట్ ఫైనల్ అని మైకులో పిలిచారు. గ్లవ్స్ కట్టించుకుని, పళ్ళకి గార్డు పెట్టుకుని రింగులోకి దూకాను. దూకానంటే, తాళ్ళ మధ్య నుంచి దూరడానికి ఇద్దరు సాయం పట్టారు, అది వేరే సంగతి. ఎదుటి మూల ఖాళీగా ఉంది. అక్కడికి రావలసిన మనిషి పేరు మళ్ళీ మళ్ళీ పిలిచారు. ఎవరూ రాలేదు. గంట కొట్టారు. రిఫరీ వచ్చి నా మణికట్టు పట్టుకుని చెయ్యి పైకెత్తాడు. నేను ఛాంపియన్ని అయిపోయాను.

ఆ రోజు మా నాన్నగారు చేపల చెరువు పని పాలేరుకి అప్పజెప్పి, ఇస్త్రీ చొక్కా వేసుకుని, గణపవరం అవతల ఉన్న మా ఊరి నుంచి బస్సులో వచ్చారు. కొడుకు ఆట చూడాలని ఆయనకి ఎప్పటి నుంచో ఉంది. మెడల్ చేతిలోకి తీసుకుని, అటూ ఇటూ తిప్పి చూసి, ఆయన అడిగిన మొదటి మాట ఇది.

"ఆ రెండో అబ్బాయికి ఒంట్లో బాగాలేదేమోరా పాపం. ఎవరైనా కనుక్కున్నారా?"

మా వైపు అంత బరువున్న మనిషి మామూలుగా బాక్సింగుకి రాడు. పెళ్ళి భోజనాల దగ్గర మొదటి బంతిలో గౌరవంగా కూర్చుంటాడు. నేను కూడా అలాగే కూర్చోవలసిన వాణ్ణే. ఏలూరులో డిగ్రీ చదువుతుండగా రూమ్మేటు వెంట ఒకసారి స్టేడియానికి వెళ్ళడమే నేను చేసిన పని. అక్కడి కోచ్ గారు నన్ను చూసిన చూపు, బొచ్చె చేపని చూసే బేరగాడి చూపులాగే ఉంది. "ఈ కేటగిరీలో మనకి మనిషి లేడయ్యా. నువ్వు కొట్టక్కర్లేదు, తూగితే చాలు," అన్నారు. ఆయన మాట తప్పే మనిషి కాదు. వరసగా కొన్నేళ్ళపాటు నేను తూగాను, మెడల్స్ వచ్చాయి. మా ఊళ్ళో ఫ్లెక్సీ కట్టారు. అందులో నేను పిడికిళ్ళు బిగించి ఎవరినో కోపంగా చూస్తుంటాను. ఎవరినో నాకే తెలియదు.

తూగడం తేలికనుకుంటారు గాని, అందులోనూ కష్టం ఉంది. తగ్గితే కిందికి పడతాం, అక్కడ నిజంగా కొట్టేవాళ్ళుంటారు. పెరిగితే పైకి పోతాం, అక్కడ ఇంకా నిజంగా కొట్టేవాళ్ళుంటారు. అందుకని నేను ఇంటికి వచ్చినప్పుడల్లా నాన్నగారు నన్ను చెరువుగట్టు మీదకి తీసుకెళ్ళి, చేపల ట్రేలు తూచే కాటా ఎక్కించేవారు. ఆ కాటా చేపలు కొనేవాళ్ళది. అది తక్కువ చూపిస్తుందని మా చుట్టుపక్కల చెరువులన్నిటికీ తెలుసు. చేపలు పట్టించిన ప్రతిసారీ నాన్నగారు తరుగు దగ్గర వాళ్ళతో గొడవపడేవారు. అంత మెత్తటి మనిషీ ఆ ఒక్క రోజు గొంతు పెంచేవారు. అటువంటి మనిషి, నేను ఎక్కగానే అదే కాటాని దేవుడిలా నమ్మేసేవారు.

"తగ్గిపోయాడే," అని ఇంట్లో చెప్పేవారు. అమ్మ ఆ మాటని తన వంట మీద నిందగా తీసుకునేది. ఇక నా కంచం చూడాలి. శీలావతి వేపుడు, కొరమీను పులుసు, పెరుగులో మీగడ, మళ్ళీ మొదటి నుంచి. చాలన్నానా, "తూకం చెప్పింది వినలేదా?" అనేది.

ఆ కాటా పుణ్యమా అని జాతీయ పోటీలకి వెళ్ళినప్పుడు నేను హెవీవెయిట్ దాటిపోయి సూపర్ హెవీవెయిట్‌లో తేలాను. అక్కడ నా ఎదుటి మూల ఖాళీగా లేదు. ఉత్తరాది కుర్రాడు, తలుపు అడ్డంగా నిలబెట్టినట్టున్నాడు. గంట కొట్టారు. నేను "అమ్మో" అన్నాను. తర్వాత జరిగింది పక్కవాళ్ళు చెబితే తెలిసింది. మొదటి రౌండు పూర్తికాలేదట. వాచిన మొహంతో ఇంటికొస్తే నాన్నగారు ఎదురొచ్చి, నా కన్ను పరీక్షగా చూసి, "ఆ అబ్బాయికి ఏమీ కాలేదు కదా?" అని అడిగారు. నాకు ఒళ్ళు మండిపోయింది. ఊళ్ళో ఫ్లెక్సీ మాత్రం మారింది. ఈసారి 'జాతీయస్థాయి బాక్సర్' అని వేశారు.

అప్పుడు పుట్టింది నాలో ఒక కోరిక, పిచ్చి కోరికే అనుకోండి. ఒక్కసారి, ఎదురుగా నిలబడ్డ మనిషిని, నా చేత్తో కొట్టి గెలవాలి. అదీ మా నాన్నగారు చూస్తుండగా. ఇంత ఒళ్ళు పెంచుకుని, ఇన్ని మెడల్స్ మేకులకి తగిలించుకుని, అది కూడా లేకపోతే నేను బాక్సర్ని ఎలా అవుతాను? కోచ్ గారికి చెబితే నిట్టూర్చి, "అయితే ప్రొఫెషనల్‌కి వెళ్ళు. అక్కడ హెవీవెయిట్‌కి పై హద్దు లేదు, మీ అమ్మగారికి ఇబ్బంది ఉండదు," అన్నారు.

నా ప్రొఫెషనల్ జీవితం మొత్తం ఒక్క సాయంత్రం. తాడేపల్లిగూడెం ఉల్లిపాయల వర్తకుడొకాయన, టీవీలో చూసి సరదా పుట్టి, బాక్సింగ్ పోటీలు పెట్టించారు. నా మీదకి విశాఖపట్నం నుంచి ఒకాయన్ని పిలిపించారు. నాకంటే పెద్దవాడు, ముక్కు ఎప్పుడో విరిగి పక్కకి తిరిగింది, ఎక్కడ పిలిస్తే అక్కడికి వెళ్ళి ఆడి వచ్చే మనిషి. ఈసారి మూల ఖాళీగా ఉండదని నాకు ధైర్యం కలిగింది. భయం కూడా కలిగింది.

ఇక్కడే మా నాన్నగారు చెయ్యకూడని పని చేశారు. మా ఊరికి కబడ్డీ జట్టు వచ్చినా, నాటకాలవాళ్ళు వచ్చినా ఇంటికి ఇద్దరిద్దరిని పంచుకుని భోజనాలు పెట్టడం మామూలు. పోటీకి రెండు రోజుల ముందు నాన్నగారు గూడెం వెళ్ళి, ఆ విశాఖపట్నం ఆయన దిగిన లాడ్జి చూశారట. గది బాగాలేదట, కింద హోటల్లో సాంబారు నీళ్ళలా ఉందట. ఇంకేముంది, సాయంత్రానికి నా ప్రత్యర్థి మా ఇంటి వరండాలో కుర్చీలో కూర్చుని కాఫీ తాగుతున్నాడు.

"మొహమాటపడకండి బాబూ, మీ ఇల్లే అనుకోండి," అంటున్నారు నాన్నగారు.

పెరట్లోకి లాక్కెళ్ళి, "నాన్నా, ఎల్లుండి నేను కొట్టాల్సింది ఆయన్నే," అన్నాను.

"ఎల్లుండి కదరా," అన్నారు.

ఆ రెండు రోజులూ అమ్మ ఆయనకి వడ్డించిన తీరు చూస్తే ఇన్నాళ్ళూ నా కంచమే తక్కువ తూగిందని అర్థమైంది. పనసపొట్టు కూర, చేపల పులుసు, రొయ్యల ఇగురు. "ఏటమ్మా, ఇంత ఎట్టేసినారు! సాలమ్మా!" అని ఆయన కంచం మీద చెయ్యి అడ్డుపెడితే, అమ్మ వేళ్ళ సందుల్లోంచి పోసేది. ఆయన తల్లి చిన్నప్పుడే పోయిందని తెలిశాక ఇంక ఆపేవాళ్ళు లేరు. ఆ ముక్కు ఎలా విరిగిందో అడిగి తెలుసుకుని అమ్మ కళ్ళు తుడుచుకుంది. పోటీ రోజు మధ్యాహ్నం నన్ను వంటింట్లోకి పిలిచింది.

"ఒరేయ్, ఆ అబ్బాయిని గట్టిగా కొట్టకు. మనింట్లో అన్నం తిన్నాడు."

"నేనూ తిన్నాను కదమ్మా," అన్నాను.

"నువ్వు ఇంట్లోవాడివి."

సాయంత్రం మార్కెట్ యార్డులో రింగు వేశారు. చుట్టూ ఉల్లిపాయల బస్తాలు, ఆ ఘాటుకి ఆట మొదలుకాకముందే జనం కళ్ళు తుడుచుకుంటున్నారు. అమ్మా నాన్నగారూ ముందు వరసలో కూర్చున్నారు. గంట కొట్టారు. మొదటి రౌండులో ఆయన నన్ను శుభ్రంగా కొట్టాడు. మర్యాదా గిర్యాదా ఏమీ లేదు, వచ్చిన పని చేసుకుపోతున్నాడు. నా ముక్కులోంచి రక్తం వచ్చింది. ఆశ్చర్యంగా నాకు సంతోషం వేసింది. నా ఎదురుగా ఇన్నాళ్ళకి ఒక మనిషి ఉన్నాడు.

రెండో రౌండులో ఆయన కుడిచెయ్యి కాస్త కిందికి దిగింది. నా ఎడమచెయ్యి దానంతటదే వెళ్ళింది. దవడ మీద తగిలింది. అంత నిండుగా తగిలిన దెబ్బ నా జీవితంలో లేదు, నా భుజం దాకా తెలిసింది. ఆయన మోకాళ్ళ మీద కూలి, పక్కకి ఒరిగాడు. రిఫరీ లెక్కపెట్టడం మొదలుపెట్టాడు, పూర్తిచేశాడు. నా మణికట్టు పట్టుకుని చెయ్యి పైకెత్తాడు.

నేను నాన్నగారి కోసం చూశాను. ఆ కుర్చీ ఖాళీగా ఉంది, పక్కన అమ్మదీ ఖాళీగా ఉంది. ఇద్దరూ తాళ్ళ కిందనుంచి దూరి ఆయన దగ్గర కూర్చున్నారు. అమ్మ కొంగుతో ఆయన మొహం తుడుస్తోంది. "దెబ్బ తగిలిందా బాబూ?" అంటున్నారు నాన్నగారు. తర్వాత అమ్మ తలెత్తి నావైపు చూసింది. పరాయివాణ్ణి చూసినట్టు చూసింది. గెలిచినందుకు కాదు, ఆ చూపుకి నాకు ఏడుపొచ్చింది. ఉల్లిపాయలు ఉండబట్టి ఎవరికీ తెలియలేదు.

ఆయన కళ్ళు తెరిచి అమ్మనీ నన్నూ మార్చి మార్చి చూశాడు. మెల్లిగా, "ఎక్కువ తినేసినానమ్మా. కదల్లేకపోయినాను," అన్నాడు.

అమ్మ నుదురు కొట్టుకుంది. "నేనే! నేనేనండీ పెట్టేశాను! వద్దన్నా వినకుండా పోశాను!" అని రింగు మధ్యలో నిలబడి అందరికీ చెప్పింది. జనం నవ్వారు. నా చెయ్యి ఇంకా రిఫరీ చేతిలోనే ఉంది. తెల్లారేసరికి గూడెమంతా, గణపవరం దాకా ఒకటే మాట. అబ్బాయి కొట్టలేదంట, వాళ్ళమ్మ పులుసు కొట్టిందంట.

పొద్దున్న రైలు ఎక్కించడానికి నేనే తీసుకెళ్ళాను. అమ్మ కేరేజీ నిండా సర్ది, "రైలు వచ్చేలోపు తినెయ్యి బాబూ, కేరేజీ మావాడు తెచ్చేస్తాడు," అని చేతికిచ్చింది. ప్లాట్‌ఫాం బెంచీ మీద కూర్చున్నాం. ఉండబట్టలేక అడిగేశాను.

"నిజం చెప్పండి. మీరు తిని పడ్డారా, నేను కొడితే పడ్డారా?"

ఆయన కేరేజీ తీసి నా ఒళ్ళో పెట్టాడు.

"నువ్వే తిను తమ్ముడూ. నిన్న సాయంత్రం నుంచి దవడ తెరుచుకోడం లేదు. అన్నీ మంచినీళ్ళే," అన్నాడు. చెంప కింద వాపుని వేలితో చూపించాడు. "ఇన్నేళ్ళలో ఇంత దెబ్బ తిన్లేదు. అమ్మకి మాత్రం సెప్పకు. నిన్న నీ వంక ఆవిడ సూసిన సూపు నేను సూసినాను. నీ దెబ్బకే పడ్డానంటే నీకు ముద్ద పెట్టదు."

రైలుకి ఇంకా కాస్త టైముంది. నేను మూత తీశాను. పులుసు, వేపుడు, పెరుగన్నం. ఆయన చూస్తుండగా ఒక్క మెతుకు మిగల్చకుండా తిన్నాను. అంత రుచిగా నేను ఎప్పుడూ తినలేదు. నా మెడల్స్ అన్నీ కలిపినా ఆ భోజనానికి సరిపోవు.

ఇంటికొచ్చేసరికి అమ్మ గుమ్మంలోనే కేరేజీ అందుకుంది. ఒక్కొక్క గిన్నే విప్పి చూసి, "ఏవండీ, చూశారా? స్టేషన్లోనే మొత్తం ఖాళీ చేసేశాడు. అంత తిండిపుష్టి ఉన్నవాడికి నేను పెట్టడం, వాడు పడిపోవడం, ఇందులో మనవాడి తప్పేముందండీ!" అంది. నా ముక్కు మీది దెబ్బని మొదటిసారి చూసి, పసుపు తేవడానికి లోపలికి పరుగెత్తింది.

నాన్నగారు నా దగ్గరకొచ్చారు. "ఆ అబ్బాయికి బాగానే ఉంది కదరా?" అని అడిగారు.

"బాగానే ఉన్నాడు నాన్నా," అన్నాను. "కడుపునిండా తిన్నాడు."