జర్మేనియం పలక ముందు దీపం

మొయినాబాద్ దగ్గర ఇంజనీరింగ్ కాలేజీలో నేను ల్యాబులు ఊడుస్తాను. చేవెళ్ల నుంచి పొద్దున్నే బస్సులో వస్తాను. ఎలక్ట్రానిక్స్ ల్యాబులో పాత కంప్యూటరు తాలూకు పలక ఒకటి ఉండేది. దాని మీద చింతగింజలంత నల్లని ట్రాన్సిస్టర్లు, ఒక్కొక్కదానికి మూడేసి తీగ కాళ్లు.

"సిలికాన్ రాకముందు కంప్యూటర్లు వీటితోనే నడిచినయి అవ్వా," అనేవారు ల్యాబు సార్. "అంతకు ముందు బల్బుల లెక్క గాజు వాల్వులు ఉండె. ఒక్క మిషను ఇంట్ల పట్టకపోయేది."

అక్షరాలు నేర్చుకున్నాక నేను కూడబలుక్కుని చదివిన మొదటి పెద్ద మాట, పలక పక్కన ఆయన రాసిపెట్టిన 'జర్మేనియం'. ఆ నల్లగింజల్లాంటి ట్రాన్సిస్టర్లను దానితోనే చేశారట.

పోయిన దసరాకు పాత సామాను తీసేయాలన్నారు ప్రిన్సిపల్. పలక పనిచేస్తే గాజు పెట్టెలో ఉంచుతామన్నారు, లేకుంటే తుక్కుకే. సార్ సెలవుల్లోనూ వచ్చి దాన్ని బాగుచేశారు. రెండు మీటలు, రెండు బల్బులు బిగించారు. నొక్కిన ఒక్కో మీట ఒక్కో ఒకటి, పలక వాటిని కూడి మొత్తాన్ని బల్బుల్లో చూపాలి. కుడి బల్బు వెలిగితే ఒకటి, ఎడమది వెలిగితే రెండు, రెండూ వెలిగితే మూడు.

ఆయుధపూజ నాడు మిషన్లన్నింటికీ పసుపు కుంకుమ పెట్టాం. "గిదే అన్నిట్ల పెద్దది" అంటూ పిల్లలు పలకకు ఆనించినట్టే రెండు నూనె దీపాలు వెలిగించారు. ప్రిన్సిపల్ వచ్చాక సార్ రెండు మీటలూ నొక్కారు. రెండు బల్బులూ వెలిగాయి.

"ఒకటీ ఒకటీ మూడా సార్?" అన్నాడొక పిల్లవాడు.

"లగ్గమైతే మూడే గదరా!" అన్నాడు పక్కవాడు.

అందరూ నవ్వారు. సార్ నవ్వలేదు. ఒక ట్రాన్సిస్టరును వేలితో తాకి చూశారు.

"దీపాలు జరుపుండ్రి. జర్మేనియం వేడికి ఆగదు. కరెంటు ఆపాల్సిన కాడ గూడ కారుతది."

నేను దీపాలు దూరం పెట్టి కొంగుతో విసరసాగాను. ప్రిన్సిపల్ గడియారం చూసుకున్నారు.

"జర ఆగుండ్రి సార్," అన్నాను. "ముసలిదానికి ఉక్క పోస్తున్నది."

సార్ మీటల మీద నుంచి వేళ్లు తీయలేదు. కుడి బల్బు మెల్లగా మసకబారి ఆరిపోయింది. ఎడమది నిలిచింది.

"రెండు!" అని పిల్లలు అరిచారు.

పలక ఇప్పుడు గాజు పెట్టెలో ఉంది. ఫోన్లలో లెక్కలేనన్ని ట్రాన్సిస్టర్లు ఈ నల్లగింజల దారిలోనే నడుస్తున్నాయంటారు సార్. తుడిచినప్పుడల్లా కాసేపు నిలబడి చూస్తాను. ఈ దసరాకూ పూజ చేశాం. పసుపు కుంకుమ, బంతిపూలు గాజు మీదే. దీపం మాత్రం గుమ్మం దగ్గర పెట్టాను.