బల్ల కాలికి బిగించిన స్విచ్

ఆరేళ్లుగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. చిన్నదే. రెండు వాక్యాలు. ఆసుపత్రి వరండాలో, ఎవరూ బలవంతపెట్టకుండా, గొంతు తడబడకుండా చెప్పాను. అసలు సంగతి మా ఆవిడకు కూడా తెలియదు. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. బహుశా అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

రాజాం దగ్గర ఒక హైస్కూల్లో లెక్కల మేష్టారిని. నలభై దాటాక చెక్కపని మీద మోజు పుట్టింది. ఇంటి వెనక రేకుల షెడ్డు వేసుకుని ఆదివారాలన్నీ అందులోనే గడిపేవాడిని. నాకు పని నేర్పింది వడ్రంగి అప్పలాచారిగారు. నాకంటే పదిహేనేళ్లు పెద్ద. మా వీధిలో సగం గుమ్మాలు ఆయన చేతివే. ముప్ఫై ఏళ్లకు పైగా ఉలి పట్టినా చేతి మీద ఒక్క గాటు లేదని ఆయనకు కొంచెం గర్వం. ఆ గర్వానికి ఆయన తగినవాడే.

ఆ ఏడాది నేను రౌటర్ కొన్నాను. చెక్క అంచులకు నగిషీ వేయడానికి, గాడి తీయడానికి వాడే మిషన్. చేత్తో పట్టుకుని చెక్క మీద నడిపిస్తారు. నాకు అది చాలలేదు. మిషన్‌ని బల్ల కింద తలకిందులుగా బిగించి, పైకి పొడుచుకొచ్చిన బిట్టు, అంటే తిరిగే కత్తి, మీదుగా చెక్కనే నడిపితే పని నున్నగా వస్తుందని ఎక్కడో చూశాను. అలాంటి బల్ల సొంతంగా తయారు చేయాలనిపించింది. పాత కుట్టుమిషన్ ఇనపకాళ్లు తెచ్చాను. రెండు ప్లైవుడ్ ముక్కలు అతికించి, పైన మైకా వేశాను. రౌటర్‌కుండే స్విచ్ బల్ల కిందకి వెళ్లిపోయింది, చెయ్యి అందదు. దాన్ని ఎప్పుడూ ఆన్‌లోనే ఉండేలా టేపు చుట్టేసి, బల్ల కాలికి వేరే స్విచ్ బిగించాను. షెడ్డు చీకటిగా ఉంటుంది కనుక పైన బల్బునూ ఆ స్విచ్‌కే కలిపాను. ఒక్క నొక్కుతో రెండు పనులు. నా తెలివికి నేనే మురిసిపోయాను.

ఆచారిగారు వచ్చి బల్ల చుట్టూ తిరిగి, వంగి కిందకి చూసి నవ్వారు.

"ఏటి మేష్టారూ, మిషన్ని గబ్బిలంలాగ ఏలాడదీసినారు?"

తరవాత స్విచ్ చూశారు. నవ్వు తగ్గింది.

"కరెంటు పోయి వస్తేనో?"

"బల్బు వెలుగుతుంది కదండీ, తెలిసిపోతుంది."

"లైటు సెప్తాది, సరే. మిషను ఏటి సెప్తాది? సెప్పి తిరుగుతాదేటి?"

వచ్చే ఆదివారం రెండూ విడదీస్తానన్నాను.

"అందాకా కరెంటు పోతే ముందు స్విచ్చి కట్టీండి. కోతల రోజులు. దానికేటి తెలుసు, ఎవుల సెయ్యో."

వచ్చే ఆదివారం నేను విడదీయలేదు. ఆ తరవాతి ఆదివారమూ కాదు. మరచిపోయానా? లేదు. అలా కలపడం నాకు నచ్చింది. దాన్ని విప్పితే ఆయన చెప్పింది నిజమని ఒప్పుకున్నట్టవుతుంది. ఇంత చిన్న కారణమా అని మీరు అడగవచ్చు. నేనూ అడిగాను. ఇంతకంటే పెద్దది దొరకలేదు.

ఆ రోజుల్లో కరెంటు కోత మామూలు. కరెంటు పోయినప్పుడు మన ఇళ్లలో ఒక బల్బు స్విచ్ వేసే ఉంచుతాం, వచ్చిన సంగతి తెలియాలని. ఎవరూ నేర్పరు. చిన్నప్పటి నుంచి చేతికి అలవాటు. కరెంటు పోతే స్విచ్ ఆపాలని మా చేతులకు తెలియదు. ఉంచాలనే తెలుసు.

ఆ ఆదివారం ఉదయం ఆచారిగారిని నేనే పిలిచాను. ఆయనకు అవసరమై కాదు. నా బల్ల మీద ఆయన పని చేయాలి, చేసి ఒక మంచిమాట అనాలి. కిటికీ రెక్క ఒకటి తెచ్చుకున్నారు. ఆయన చెక్క తోస్తారు, నేను స్విచ్ దగ్గర నిలబడతాను. అలా అనుకున్నాం. రెండు అంచులు అయ్యాయి. బాగా వచ్చాయి. "పరవాలేదు మేష్టారూ" అన్నారు. అది ఆయన భాషలో చాలా పెద్ద మెప్పు.

మూడో అంచు మధ్యలో కరెంటు పోయింది. బల్బు ఆరింది. మిషన్ రొద సన్నబడి, సన్నబడి, ఆగింది. ఆచారిగారు వెంటనే చెయ్యి పెట్టలేదు. ఇది నాకు స్పష్టంగా గుర్తుంది. తల కొంచెం పక్కకు వంచి విన్నారు. షెడ్డులో ఏ శబ్దమూ లేదు. అప్పుడు చెక్క తీసి పక్కన పెట్టి, బిట్టు చుట్టూ పేరుకున్న పొట్టు తీయడానికి వేళ్లు పెట్టారు. స్విచ్ దగ్గర నేనున్నాను కదా. అడగలేదు. నమ్మారు.

నేను గుమ్మం వైపు తిరిగి టీ పెట్టమని ఇంట్లోకి కేకేస్తున్నాను. నా ఎడమ చెయ్యి బల్ల కాలికి జానెడు దూరంలో ఉంది.

ఒక్క నిమిషం కూడా కాలేదు, బల్బు వెలిగింది. "వచ్చేసింది!" అన్నాను. సంతోషంగానే అన్నాను. మిగతావన్నీ మసకబారాయి గానీ ఇది మాత్రం మసకబారదు: ఆయన అరుపు నా చెవిన పడక ముందు, అర క్షణం, కరెంటు వచ్చినందుకు నాకు సంతోషం కలిగింది.

స్విచ్ ఆపాను. తువ్వాలు చుట్టాను. ఆటో మాట్లాడి శ్రీకాకుళం తీసుకెళ్లాను. కుడిచేతి చూపుడువేలు, మధ్యవేలు పోయాయి.

సాయంత్రం ఆసుపత్రి వరండాలో ఆయన్ని బెంచీ మీద కూర్చోబెట్టారు. పక్కన ఆయన భార్య. ఆచారిగారు కట్టు వైపు చూడలేదు. నా వైపు చూశారు.

"మేష్టారూ, స్విచ్చి కట్టేసినారా?"

"కట్టేశానండీ. మిషన్ ఇంకా ఆగలేదు, మీరే తొందరపడి చెయ్యి పెట్టేశారు."

నేను మాట ఇచ్చినట్టే బల్బును ఎప్పుడో వేరు చేశాననుకున్నారు, అది వెలిగిన సంగతి ఎత్తలేదు.

"ఆగినట్టే ఇనిపించినాది నాకు" అన్నారు. "సెవులు ముసిలైపోనాయి కావాల."

ఆయన భార్య నా వైపు తిరిగి, "మీరు కాబట్టి ఎమ్మటే తీసుకొచ్చినారు బాబూ" అంది. నేను తల ఊపాను.

ఎందుకు చెప్పానా అబద్ధం? భయంతోనా? కేసు పెట్టే మనిషి కాదాయన, నిందించే మనిషి కూడా కాదు. ఆ సంగతి నాకు అప్పుడే తెలుసు. మరి? ఆయన చూపులో నేను తక్కువ కాకూడదనుకున్నాను. అంతే. నన్ను కాపాడుకోవడానికి చేతికి దొరికినది విసిరాను. అది ఆయన నమ్మకానికి తగులుతుందని తెలియదు అని రాయాలని ఉంది. అలా రాస్తే ఇదీ అబద్ధమే. ఆయన "సెవులు" అన్న క్షణంలోనే తెలిసింది. ఆ క్షణంలో కూడా సరిదిద్దవచ్చు. దిద్దలేదు.

బల్లను ఆ వారమే విప్పి పడేశాను. పశ్చాత్తాపం అనుకునేరు. తీగలు ఎవరైనా చూస్తారేమోనని.

ఆయన మూడు వేళ్లతో ఉలి పట్టడం నేర్చుకున్నారు. గుమ్మాలు మళ్లీ చేశారు, నెమ్మదిగా. వేళ్ల గురించి ఎప్పుడూ ఫిర్యాదు చేయగా వినలేదు. నన్ను పట్టుకున్నది వేళ్లు కాదు.

కిందటి నెల మా ఇంటికి తలుపులు మార్చడానికి కలప కొనాల్సి వచ్చి ఆయన్ని అడితికి తీసుకెళ్లాను. వెంట ఆయన అల్లుడు కూడా వచ్చాడు. అతనూ వడ్రంగే. పూర్వం ఆచారిగారు దుంగ మీద వేలి కణుపుతో రెండుసార్లు కొట్టి, లోపల పుచ్చు ఉందో లేదో చెప్పేసేవారు. అడితివాళ్లు కూడా ఆయన మాటకు ఎదురు చెప్పేవారు కాదు. ఆ రోజు ఎడమచేత్తో కొట్టారు. చెవి ఆనించారు. మళ్లీ కొట్టారు. తరవాత అల్లుడి వైపు తిరిగి, "నువ్వు ఇనరా అల్లుడా, నా సెవి నమ్మీకు. ఓపాలి నమ్మీసి ఇలగైపోనాను" అని చెయ్యి చూపించారు.

అల్లుడు నవ్వుతూ, "మీకు అన్నీ బాగానే ఇనబడతాయి మావా. నాను మెల్లగా తిట్టుకున్నా పట్టీస్తారు" అన్నాడు.

"తిట్లు ఏరు, కర్ర ఏరురా" అన్నారు ఆచారిగారు.

ఆ దుంగ పుచ్చు. కొట్టిన శబ్దంలో నాకు కూడా తెలిసిపోయింది. అల్లుడు బాగుందన్నాడు. ఆచారిగారు నుదురు ముడిచి దాని వైపే చూస్తూ, ఏదో చెప్పబోయి, ఊరుకున్నారు. పక్కదాన్ని చూపించి ఇదే కావాలన్నాను నేను. నోరు తెరిచినందుకు ఆ మాట ఒక్కటే బయటికి వచ్చింది.

ఇంటికి వచ్చి ఇది రాయడం మొదలుపెట్టాను. మూడుసార్లు చించేశాను. మూడింటిలోనూ కరెంటు కోతల గురించి ఎక్కువ రాశాను, నా గురించి తక్కువ. ఆయనకు చదివి వినిపించే ధైర్యం వస్తుందో రాదో చెప్పలేను. రాకపోవచ్చు. మీరు నన్ను క్షమించాలని అడగడం లేదు, ఆ పని మీది కాదు. కనీసం ఒకచోట నిజం నిజంగా ఉండాలి.

ఆ రోజు మిషన్ ఆగింది. అప్పలాచారిగారు సరిగానే విన్నారు. స్విచ్ నేను ఆపలేదు.

రాసి మళ్లీ చదువుకున్నాను. ఈసారి కొట్టివేయడానికి ఏమీ కనబడలేదు.