గంగలో బెల్లం ముక్క

గంగ ఒడ్డున గార్డెన్ రీచ్ రేవులో లాంచీ ఎక్కాక మా అమ్మాయికి కెమిస్ట్రీ పాఠం తెలుగులో విడమరిచి చెబుతున్నాను. "నీళ్ళలో కరిగిన ఉప్పు ఎక్కడికీ పోదు, కంటికి కనపడదంతే. నీళ్ళన్నీ ఆవిరైతే మళ్ళీ మిగులుతుంది."

తెలుగు చెవిన పడగానే పక్కనున్న ముసలామె నావైపు తిరిగింది. కొంగు ముడి విప్పి బెల్లం ముక్క చూపించింది.

"మరి బెల్లమో, అమ్మా?"

"అదీ అంతేనమ్మా."

లాంచీ నది మధ్యకు రాగానే ఆమె ఆ ముక్కను నీళ్ళలో వదిలింది.

"మా పెద్దోడు ఓడల డాకులో పని చేసీవోడు. ఇక్కడే పడిపోనాడు. ఎంత ఎతికినా దొరకనేదు. ఆడికి బెల్లమంటే పేనం," అంది.

ఆమె నీళ్ళకేసి చూసి, పాఠంలో సందేహం అడిగినట్టే అడిగింది.

"ఇన్ని నీళ్ళు ఎప్పటికి ఆవిరైపోతాయమ్మా?"

మా అమ్మాయి నా మొహంలోకి చూసింది. ఈలోగా లాంచీ ఒడ్డుకు తగిలింది. ఆమె దిగి వెళ్ళిపోయింది.

మా ఇంట్లో తాగేవీ ఆ గంగ నీళ్ళే. మరిగించిన గిన్నె అడుగున తెల్లటి పొర మిగులుతుంది. దాన్ని తోమేయడానికి నాకిప్పటికీ చేతులు రావు.