రాగితీగ ముడి

ఊపిరాడక పోయినవాళ్ల రక్తం పరీక్షించడం ఆమె పని. ల్యాబులో అందరికీ ఆమె రక్తాలక్క.

ఈసారి పోయింది స్నానానికెళ్లిన ఓ ఇల్లాలు. ముందురోజు మొగుడితో గొడవట. ముక్కూ నోరూ మూసి చంపాడని అతన్ని స్టేషన్లో బెంచీ మీద కూర్చోబెట్టారు. రక్తాలక్క రక్తంలో నీళ్లు కలిపి కాస్టిక్ సోడా చుక్క వేసింది. మామూలు రక్తమైతే గోధుమరంగుకి తిరగాలి. ఇది గులాబీరంగులోనే నిలిచింది. గ్యాసు సరిగా మండక వచ్చే విషవాయువు పీల్చిన రక్తం అది.

"గీజరు చూడాలి," అంది.

"మొగుడు ఎదురుగా ఉంటే గీజరుకి సంకెళ్లెయ్యమంటావా అక్కా?" అన్నాడు ఎస్సై. అయినా వెంట వచ్చాడు.

కొత్త గ్యాసు గీజరు. పొగగొట్టం గోడ దాటేచోట వేళ్లు పెట్టి లాగితే పాత లుంగీ ముక్క వచ్చింది. చుట్టూ రాగితీగ.

"ఇంకేం, మొగుడే కుక్కాడు," అన్నాడు ఎస్సై.

ఆమె తీగ ముడిని వెలుతురుకి తిప్పి చూసింది. గోడ పూసేటప్పుడు సిమెంటు లోపల పడకుండా గొట్టంలో గుడ్డ పెడతారు. తీగ కొస ఎవరి చేతినీ గీయకుండా లోపలికి మడిచి దాచేవాడు ఆమెకు తెలిసి ఒక్కడే. చిన్నప్పుడు తెగిన ఆమె బడిసంచి పట్టీ కూడా అలాగే కట్టాడు.

సాయంత్రం, గీజర్లు బిగించే అన్నయ్య ఇంటికెళ్లి అడిగింది.

అతను గ్లాసు కింద పెట్టాడు. "పూత ఆరాక తీద్దామనుకున్నానే. ఇంతలో ఇంకో ఇంటివాళ్లు పిలిచారు."

"తీసేశానని చెబితే సరి," అంది వదిన. "తరవాత మొగుడే కుక్కాడనుకుంటారు."

"అతను పెళ్లాం పోయి ఏడుస్తున్నాడు వదినా."

"అతనేమన్నా నీ తోడబుట్టాడా? మీ ఇంటి గీజరు పెట్టింది ఎవరు?"

అన్నయ్య తలెత్తలేదు. "నీ పని నువ్వు చెయ్యి," అన్నాడు.

మర్నాడు ఎస్సైకి ఆ ముడి ఎలా కడతారో చూపించింది, ఎవరు కడతారో చెప్పింది. మొగుణ్ణి వదిలేశారు. అదే బెంచీ మీద అన్నయ్య కూర్చున్నాడు. వదిన ఫోను ఎత్తడం మానేసింది.

ఇంటికొచ్చి రక్తాలక్క స్టూలెక్కి, తన బాత్రూం గొట్టంలో వేళ్లు పెట్టి చూసింది. నున్నగా, ఖాళీగా ఉంది. చెల్లెలింట్లో గుడ్డ తియ్యడం అతను మరిచిపోలేదు.