జ్వరం లేనివాళ్ళ రక్తం

పోర్ట్ బ్లెయిర్ దగ్గర చౌల్దారీలో మా ఇంటి ముందు జీపు ఆగిన రోజు మా అత్త ముందుగా మేకల్ని దాచింది. ఆ తర్వాత నన్ను లోపలికి రమ్మంది.

ఆ వానాకాలం మా పక్క పొలం ఆయన జ్వరంతో పోయాడు. నాట్లు వేసిన కొద్దిరోజులకే ఒళ్ళు కాలిపోయింది. కళ్ళు పచ్చబడ్డాయి, పిక్కలు పట్టేసి నడవలేకపోయాడు. కామెర్లనుకుని ఆకు పసరు పోశారు. పోర్ట్ బ్లెయిర్ ఆస్పత్రికి చేర్చేసరికే ఆలస్యమైపోయింది. అది ఎలుక జ్వరమని అక్కడ చెప్పారట. వానలు తగ్గాక ఆరోగ్యశాఖ వాళ్ళు ఊళ్ళోకి వచ్చారు. జ్వరమున్నవాళ్ళ కోసం వచ్చారనుకున్నాం. కాదు, వాళ్ళకి బాగున్నవాళ్ళ రక్తం కావాలట.

"బాగున్నోల్ల రగతం ఈల్లకెందుకే? ఇందులో ఏటో ఉన్నాది," అంది అత్త.

ఆమె అనుమానం ఊరికే పుట్టింది కాదు. శ్రీకాకుళం తీరం నుంచి ఓడెక్కి వచ్చిన కుటుంబం వాళ్ళది. మామ చేపల వేట మానేశాక అడవి అంచున కొంత నేల బాగుచేసి ఇల్లు కట్టాడు. సర్కారు తీసుకొచ్చి భూములిచ్చిన వాళ్ళకి పట్టాలున్నాయి, మాకు లేవు. మామ పోయాక కూడా అత్త ఎవరు గడప తొక్కినా నేల కోసమే వచ్చారనుకునేది. ఈ వచ్చినవాళ్ళు అడిగినవీ అలాగే ఉన్నాయి: ఎప్పటినుంచి ఉంటున్నారు, ఇంట్లో ఎవరెవరు, నీళ్ళెక్కడివి, పశువులున్నాయా?

"మేకలా? లేవమ్మా," అంది అత్త.

వెనక పోకచెట్ల మధ్య నుంచి మేక అరిచింది. వాళ్ళతో వచ్చిన నర్సు అటు చూసి, మళ్ళీ అడగలేదు. ఆమె బాంబూఫ్లాట్‌లో పుట్టిన తెలుగు మనిషి. మాటలో సగం హిందీ.

"చూడండి దీదీ," అంది నాతో. "ఎలుకలు, పశువులు ఉచ్చ పోసిన నీల్లలో ఈ పురుగుంటాది. కాలికి గాటుంటే అందులోంచి లోపలికెల్తాది. కొందరికి పెద్ద బుఖార్, కొందరికి చిన్నగా వచ్చి పోతాది. మన ఒల్లు దాంతో కొట్లాడి యాంటీబాడీలు తయారుచేసుకుంటాది. పురుగు పోయినా అవి కొన్నాల్లుంటాయి. అవి ఎంతమందికి ఉన్నాయో ఏటేటా చూస్తే, జ్వరం ఎక్కడ తిరుగుతోందో పతా చలేగా, తెలిసిపోతాది."

నాకు సగమే అర్థమైంది. కానీ అంతకుముందు ఏడాది నాట్లప్పుడు నాకూ జ్వరం తగిలింది. పక్క పొలం ఆయన పచ్చటి కళ్ళు గుర్తొచ్చి చెయ్యి చాపాను. అత్త మొహం తిప్పేసుకుంది.

కొన్ని వారాల తర్వాత నర్సు మళ్ళీ వచ్చి, నా రక్తంలో ఆ యాంటీబాడీలు ఉన్నాయని చెప్పింది. "భయం లేదు దీదీ, అది పాతదే," అని కూడా అంది. అత్త చెవికి మొదటి మాటే ఎక్కింది. ఆ పూట నుంచి నా కంచం వేరు, గ్లాసు వేరు. నా పిల్లాణ్ణి తన పక్కలో పడుకోబెట్టుకుంది. మా ఆయన బస్సు డ్రైవరు. డ్యూటీ నుంచి వచ్చి తల్లి చెప్పిందంతా విన్నాడు. ఆ రోజు నుంచి నేను తాగిన చెంబు తనూ ముట్టుకోలేదు.

నాక్కూడా నా ఒంటి మీద నమ్మకం పోయింది. కళ్ళు పచ్చబడ్డాయేమోనని అద్దంలో చూసుకునేదాన్ని. ఏమీ లేకపోతే నర్సు ఇంటిదాకా వచ్చి ఎందుకు చెప్తుంది? ఇంకేదో దాస్తోందేమో?

మరుసటేడు వానలయ్యాక వాళ్ళు మళ్ళీ వచ్చారు. ఈసారి అత్తే ముందుకొచ్చి పీట మీద కూర్చుంది.

"నాదీ తియ్యండి. నాకు లేదని తేలితే, ఈ ఇంటికిది ఎవులు తెచ్చారో తెలుస్తాది."

ఆ మాట నన్ను కత్తిలా కోసింది. ఆమె సూది పొట్లాన్ని తన కళ్ళముందే చింపించింది. సీసా మీద తన పేరు రాశారో లేదో నన్ను చదివి చెప్పమంది.

కబురు తెచ్చిన రోజు నర్సు కొంచెం తటపటాయించింది. "అమ్మా, మీకూ ఉన్నాయి. మీ కోడలికన్నా మీకే ఎక్కువున్నాయి."

"సీసాలు మార్చేసేరు!"

"నైఁ అమ్మా. మేకల దొడ్డి ఎవరు తుడుస్తారు?"

"నానే," అనేసి, మేకలు లేవని చెప్పిన సంగతి గుర్తొచ్చి అత్త నోరు మూసుకుంది. నర్సు నవ్వలేదు. దొడ్డి నూతికి దూరంగా పెట్టుకోమని, చెప్పుల్లేకుండా అందులోకి దిగొద్దని చెప్పి వెళ్ళిపోయింది. ఆ రాత్రి అన్నాలప్పుడు అత్త నా కంచాన్ని అందరి కంచాల పక్కనే పెట్టింది. తప్పయిందని మాత్రం అనలేదు. నేనూ ఆమె వైపు చూడలేదు.

ఆ తర్వాతి వానల్లో మా ఆయన సెలవు పెట్టి పొలంలోకి దిగాడు. వారం తిరక్కుండా జ్వరం, పిక్కల నొప్పి. నేను ఇంకా ఆలోచిస్తూనే ఉన్నాను, అత్త లేచి ఆటో పిలిపించింది. ఆస్పత్రిలో డాక్టరు నోరు తెరవకముందే, "ఎలక జొరమేమో సూడండి బాబూ, రగతం తియ్యండి," అంది.

ఆ పరీక్షలో ఏమీ కనబడలేదు. జ్వరం కొత్తలో యాంటీబాడీలు ఇంకా పుట్టవని, దాని కోసం ఆగకూడదని డాక్టరు వెంటనే మందు మొదలుపెట్టాడు. కొన్నాళ్ళకు మళ్ళీ తీసిన రక్తంలో అవి బాగా పెరిగి కనిపించాయి. అప్పటికే జ్వరం దిగి, మా ఆయన లేచి కూర్చుని గంజి తాగుతున్నాడు.

అత్త నన్ను వరండాలోకి లాక్కెళ్ళి గొంతు తగ్గించింది. "మొదట లేవంట, ఇప్పుడున్నాయంట. ఆ సూదిలో ఏటైనా ఎక్కించేరేమోనే?"

"అత్తా, మందే లేకపోతే మనిషి దక్కేవాడా?"

ఆమె తలుపు సందులోంచి కొడుకుని చూసింది. తర్వాత కొంగుతో మొహం తుడుచుకుని, ఇంటికి ఎప్పుడు పంపిస్తారో డాక్టరుని అడిగి రమ్మని నన్ను లోపలికి తోసింది.